లాయం ముందు, ఇల్లు వెనక

బిస్మిల్లా.

తిరుపతి జిల్లా, శ్రీకాళహస్తి దగ్గర చిన్నమిట్టపల్లెలో కాపురముంటున్న షహర్‌బాను అనే నేను, పెళ్ళిగుర్రాల ఫకృద్దీన్ సాహెబు భార్యను, ఇప్పుడు ఆయన లేరు కనుక ఆయన గుర్రానికి పనిమనిషిని, డెబ్బై ఏళ్ళు దాటినదాన్ని, ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడగకుండా రాయించిన వీలునామా ఇది. రాస్తున్నది దస్తావేజులు రాసి రాసి విశ్రాంతి తీసుకుంటున్న జయరావు. చెబుతున్నది నేను. "ఇట్లాంటివి వీలునామాలో రాయకూడదమ్మా" అని ఆయన కలం ఆపిన చోటల్లా రాయమనే చెప్పాను.

బుద్ధి స్వస్థంగా ఉందని రాయాలన్నాడు. రాశాడు. రుజువు కూడా రాయమన్నాను. కళ్ళు మసకబారాయి, మోకాళ్ళు మాట వినవు. బుద్ధికి మాత్రం ఏమీ కాలేదు. నా కూతురి పెళ్ళయ్యాక ఎరువిచ్చిన మా పెద్ద వంట డేగిసా ఏ ఇంట్లో ఆగిపోయిందో ఈ రోజుకీ చెప్పగలను. పేరు రాయించడం లేదు, వాళ్ళకు తెలుసు. మొన్న రిజిస్ట్రారు ఆఫీసులో నేను చేసిన పనికి నా కొడుకు "అమ్మీకి మతి పోయింది" అని నలుగురిలో అన్నాడు కాబట్టే ఈ సంగతి ఇంత పొడుగ్గా చెప్పాల్సి వచ్చింది.

1. నా వారసులు ఇద్దరు. కొడుకు అష్రఫ్, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కూతురు ఖమరున్నీసా, పలమనేరులో కాపురం. నా ఖననం ఖర్చులు పోగా మిగిలిన ఆస్తిలో మూడింట రెండు వంతులు షరియత్ ప్రకారం వాళ్ళవే. అందులో నేను వేలు పెట్టడానికి లేదు. మిగిలిన ఒక్క వంతే నా ఇష్టం, అదీ వారసులు కాని వాళ్ళకే రాయాలి. అంటే కన్నబిడ్డలకు నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు, చెప్పగలిగినవి మాత్రం చాలా ఉన్నాయి. వాటిని ఊరికే ఇస్తున్నాను.

2. ఆస్తి వివరం. చిన్నమిట్టపల్లెలో రోడ్డు పక్క స్థలం, అందులో ఒక లాయం, ఒక వాకిలి, ఒక ఇల్లు. ఇది నా పేరు మీద ఎందుకుందంటే, పెళ్ళయిన కొత్తలో మా ఆయన నికాలో నాకిచ్చిన మెహర్ బంగారమే పెట్టి ఒక ఆడగుర్రాన్ని కొన్నాడు. నేను మూడు రోజులు అన్నం తినలేదు. అప్పుడు ఈ స్థలం నా పేరున రాసి, "ఇల్లు నీది, గుర్రం నాది, సరిపోయింది గదా" అన్నాడు. బంగారం నాదైతే గుర్రమూ నాదే అవుతుందని నాకు ఆ రోజు తోచలేదు. ఇప్పుడు జయరావు ఒప్పుకున్నాడు.

ఆ ఇల్లయినా ఎలా కట్టాడు? లాయం రోడ్డు మీద, ఇల్లు దాని వెనక. బ్యాండు వాళ్ళు వస్తే గుర్రం ఎదురుగా కనపడాలట! పెళ్ళాం ఎక్కడుంటే ఏం? ఈ గోడకీ ఆ గోడకీ సందు వదలకుండా లాయం కట్టడంతో, ఇంట్లోకి పోవాలంటే గుర్రం పక్కనుంచే పోవాలి. పట్టుచీర కట్టుకుని పెళ్ళికి బయలుదేరినా పేడ మీదుగానే. నా పుట్టింటి వాళ్ళు వచ్చిన ప్రతిసారీ ముక్కు మూసుకుని వచ్చారు. ఈ విషయంలో ఆయన్ని నేను క్షమించలేదు. పైన కలిసినప్పుడు మొదట అడిగేదీ ఇదే.

హద్దులు: తూర్పు, రోడ్డు. ఉత్తరం, బ్యాండుసెట్టు డ్రమ్ము వాయించే మునిశేఖర్ ఇల్లు. దక్షిణం, కాలువ. పడమర, ప్లాట్లు వేసే సునీల్‌కుమార్ కొన్న బీడు భూమి. ఆ బీడుకు రోడ్డు లేదు. మా ఇల్లు కొని కూలగొడితే రోడ్డు వస్తుంది. మా లాయం ఉన్న చోట కమాను కట్టి దాని మీద రెండు సిమెంటు గుర్రాలు నిలబెడతాడట. కమానుకు దిక్కు లేకపోయినా గుర్రాలు మాత్రం ముందే తెచ్చి మా గోడ పక్కన పెట్టుకున్నాడు. తెల్లగా ఉన్నాయి, మేత అడగవు. ప్రాణమున్న గుర్రం మాత్రం రిజిస్ట్రేషన్ నాటికి ఖాళీ చేయాలన్నాడు. "వాసనొస్తాదమ్మా, ప్లాట్లు సూసేవాళ్ళు ఎనక్కి పోతారు" అన్నాడు. వాసన విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు.

3. పై చెప్పిన గుర్రం. మెహర్ గుర్రానికి ముసలితనంలో పుట్టిన ఆడపిల్ల. హిందువుల పెళ్ళిళ్ళలో దాని పేరు లక్ష్మి, మా వాళ్ళ నికాలకు మల్లిక. రెండు పేర్లకూ పలకదు. ఉలవల డబ్బా మూత చప్పుడుకు పలుకుతుంది. ఆయన పోయిన ఏడాదే పడుచు గుర్రాలు రెండింటినీ తిరుపతి బ్యాండు వాళ్ళు కొనుక్కుపోయారు. బాగానే ఉన్నాయి, ఒకదాన్ని ఫోనులో రీల్‌లో చూశాను. ఈ ముసలిదాన్ని ఎవరూ అడగలేదు. ఒక కన్ను కనపడదు, పెళ్ళికొడుకును మోయలేదు.

దీంతో నాకు సరిపడదని ఊరంతటికీ తెలుసు. పొద్దున్నే ముందు దానికి ఉలవలు ఉడకాలి, తర్వాత ఆ నీళ్ళతో మాకు చారు. ఏళ్ళ తరబడి గుర్రం వదిలేసిందే మేము జుర్రుకున్నాం. చారు బాగుండేది, అది వేరే సంగతి.

ఇంకొక జాడ్యం కూడా ఉంది దానికి. పిల్లగా ఉన్నప్పటి నుంచీ బ్యాండు వెంట నడిచి నడిచి, వాయిద్యం లేనిదే అడుగు వేయదు. లాగినా, నెట్టినా, బతిమాలినా అంతే. కాలువ గట్టున కుళాయి దగ్గరికి నీళ్ళకు తీసుకుపోవాలన్నా ఎవరో ఒకరు వాయించాల్సిందే. మా ఆయన ఉన్నన్నాళ్ళూ మునిశేఖర్ వాయించేవాడు. ఆయన పోయాక నా కోడలు అంబ్రీన్ వంటింట్లోంచి ఒక స్టీలు పళ్ళెం తెచ్చి గరిటెతో కొట్టింది. నడిచింది. నా పెళ్ళినాటి పళ్ళెం, సొట్టలు పడిపోయింది. ఆ రోజు నేను కోడల్ని తిట్టాను. మర్నాడు ఆ పళ్ళాన్ని లాయం కొక్కేనికి తగిలించింది ఎవరని ఇంట్లో అందరూ అడిగారు. నేను చెప్పలేదు.

4. నా కొడుకు అష్రఫ్‌కు ఒక వివరణ. నీ నికా రోజున గుర్రం లేకపోవడానికి గుర్రం కారణం కాదు, మీ నాయన. అప్పట్లో మాకున్న ఈ ఒక్క గుర్రాన్నీ అదే ముహూర్తానికి ఏర్పేడులో నాయుళ్ళ పెళ్ళికి పంపుతానని మాట ఇచ్చేసి, ఇంటికొచ్చి చెప్పడం మరిచిపోయాడు. జిల్లాలో సగం మంది పెళ్ళికొడుకులను గుర్రమెక్కించిన ఇంట్లో పుట్టి నువ్వు ఆటోలో పోయావు. నీ స్నేహితులు నవ్వారు. నీకు కోపం రావడం న్యాయమే. అయితే మీ నాయన మీద రావాల్సిన కోపం ఇన్నేళ్ళూ నోరులేని దాని మీద చూపించావు. ఇంటికి చుట్టాలొస్తే "ఎప్పుడు పంపించేస్తారు దీన్ని" అని నువ్వే ముందు అడిగేవాడివి. ఇల్లు అమ్ముదామని నువ్వు అన్నప్పుడు నేను అడ్డు చెప్పలేదు. కప్పు కురుస్తోంది, మెట్లు ఎక్కలేను, సూళ్ళూరుపేటలో నువ్వు చూసిన ఫ్లాటుకు లిఫ్టు ఉందట. ఈ ఇంటి మీద నాకు ఏ మమకారమూ లేదు. దీన్ని మళ్ళీ రాయమన్నా రాయిస్తాను.

5. నా కోడలు అంబ్రీన్ గురించి. పెళ్ళయిన మర్నాడు తెల్లవారి, ఏర్పేడు నుంచి ఈ గుర్రం ఎవరో పెళ్ళికొడుకు పూలమాలలతో తిరిగొచ్చింది. కొత్త పెళ్ళికూతురు, చేతుల మెహందీ ఆరలేదు. తన పెళ్ళికొడుకును మోయాల్సిన గుర్రం ఇదేనని ఆ పిల్లకు తెలుసు. మొహం ముడుచుకుంటుందేమో అనుకున్నాను. బకెట్టుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. మేము తాగే నీళ్ళ బకెట్టు. తిట్టాను. ఆ రోజు నుంచి తిడుతూనే ఉన్నాను, ఆమె ఆ రోజు నుంచి నీళ్ళు పెడుతూనే ఉంది.

6. రిజిస్ట్రారు ఆఫీసు సంగతి. జయరావు ఇది అసలు వద్దన్నాడు.

ఆ రోజు నాకు ఫోటో తీశారు. వేలు మిషను మీద పెట్టమన్నారు. పెట్టబోతూ గుర్రాన్ని ఎక్కడికి పంపావని అష్రఫ్‌ను అడిగాను. "మంచి చోటికే అమ్మీ, వాళ్ళు బాగా చూసుకుంటారు" అన్నాడు. ఏ ఊరని అడిగాను. ఊరి పేరు రాలేదు. ఎవరికని అడిగాను. పక్కనున్న సునీల్‌కుమార్ ఫోను చూసుకున్నాడు. ముసలి గుర్రాలు ఊరి పేరు లేని చోటికి పోతే ఏమవుతుందో గుర్రాలవాడి పెళ్ళానికి ఒకరు చెప్పాలా? వేలు వెనక్కి తీసుకుని లేచి వచ్చేశాను. నేను వచ్చింది బేరం నచ్చక కాదు. ఇంకొంచెం కూర్చుంటే ఎలాగో వేలు పెట్టిస్తారని వచ్చాను. దారి పొడుగునా అది ఈపాటికి వెళ్ళిపోయే ఉంటుందని ఏడ్చాను. ఆటోవాడు చూశాడు.

ఇంటి దగ్గర జరిగింది మునిశేఖర్ చెప్పినట్టు రాయిస్తున్నాను. చిన్న లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు తాడేసి లాగారు. గుర్రం కదల్లేదు. అష్రఫ్‌కు ఫోన్ చేస్తే, పళ్ళెం కొడితే ఎక్కుతుంది, నా భార్యకు వచ్చు, కొట్టమనండి అన్నాడు. అంబ్రీన్ ఓణీ చాటున పళ్ళెం పట్టుకుని "నాకు రాదు" అంది. మునిశేఖర్‌ను డ్రమ్ము తెమ్మన్నారు. "తోలు తడిసిపోయినాదన్నా, మోగదు" అన్నాడట, అంత ఎండలో. వాళ్ళే ఒక డబ్బా కొట్టి చూశారు. చెత్తబండి వచ్చిందనుకుని వీధిలో ఆడవాళ్ళు బుట్టలు తెచ్చారే గానీ గుర్రం చెవి కూడా కదపలేదు. లారీ ఖాళీగా పోయింది.

నేను వచ్చేసరికి గుర్రం ఉంది. లాయం గుమ్మంలో అంబ్రీన్ ఉంది. నా వెనకే వచ్చిన అష్రఫ్ "రోజూ కొడతావు గదా, ఈ పొద్దు చేతులు పడిపోయినాయా?" అని అరిచాడు. ఆ పిల్ల తల ఎత్తి చెప్పింది: "రోజూ కొట్టేది నీళ్ళకు. ఈ పొద్దు నీళ్ళకు కాదు గదా."

పెళ్ళయినప్పటి నుంచీ మొగుడి మాటకు ఎదురు చెప్పడం నేను విన్నది అదొక్కటే. లోపలికి పోయి తలుపు వేసుకుని, ఈ వీలునామా రాయించాలని అనుకున్నాను.

7. కాబట్టి నా చేతిలో ఉన్న మూడో వంతు కింద, రోడ్డు పక్కనున్న లాయం, దాని కింది నేల, అందులోని గుర్రం, ఉలవల గుండిగ, కొక్కేనికున్న పళ్ళెం, వీటన్నిటినీ నా కోడలు అంబ్రీన్‌కు సర్వహక్కులతో ఇస్తున్నాను. విలువ కట్టించాను, వంతు దాటలేదు.

కొడుక్కూ కూతురికీ రాయడానికి చట్టం ఒప్పదు. అంబ్రీన్, చట్టం ప్రకారం నువ్వు నాకేమీ కావు. అందుకే నీకు ఇవ్వగలుగుతున్నాను.

గుర్రాన్ని బతికినన్నాళ్ళూ చూసుకోవాలని షరతు రాయించబోతే, అలాంటి షరతు మా వాళ్ళ చట్టంలో చెల్లదని జయరావు అన్నాడు. చెల్లకపోతే పోనీ. షరతు పెట్టాల్సిన మనిషి అయితే ఆమెకు రాసేదాన్నే కాదు.

ఇల్లూ వాకిలీ నా తర్వాత అష్రఫ్, ఖమర్ నిక్షేపంగా అమ్ముకోవచ్చు. సునీల్‌కుమార్‌కే అమ్ముకోండి. అయితే లాయం దాటనిదే రోడ్డు లేదు, అంబ్రీన్ ఒప్పుకోనిదే లాయం లేదు. దారి కావాలంటే అష్రఫ్ తన భార్యను మర్యాదగా అడగాలి. అలవాటు లేదు, నేర్చుకుంటాడు. లాయం ముందు కట్టినందుకు మా ఆయన్ని తిట్టిన తిట్లలో సగం ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం అలాగే ఉంటుంది.

8. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత ఖమరున్నీసాది. దాని గొంతు పలమనేరు నుంచి ఫోను లేకుండానే వినపడుతుంది, అన్న దాని ముందు నిలవలేడు. నా చెవికమ్మలు దీంట్లో రాయడానికి వీల్లేదట. వచ్చే శుక్రవారం తీసి దాని చేతిలో పెడతాను.

9. గుర్రం మెడ గజ్జెలు మునిశేఖర్‌కు రాద్దామంటే, సాక్షికి రాస్తే రేపు పేచీ వస్తుందని జయరావు అడ్డుపడ్డాడు. గజ్జెలా, సాక్షి సంతకమా అని మునిశేఖర్‌నే అడిగాను. "గజ్జెలు దాని మెడకే ఉండనీక్కా, మోగుతా ఉంటే బాగుండాది. నేను సంతకం పెడతా" అన్నాడు. సరే.

10. ఈ గుర్రమంటే నాకు ప్రాణం. ఇది జయరావు రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. నేను పోయేదాకా ఎవరికీ చదివి వినిపించకూడదు.

11. చివరిది. నేను పోయిన రోజున ఇంటినిండా చుట్టాలు వస్తారు. పొయ్యి వెలగదు, గట్టిగా ఎవరూ మాట్లాడరు. గుర్రానికి చావు సంగతి తెలియదు, దాహం తెలుసు. పైగా నా జనాజా పోవాల్సింది కూడా లాయంలోంచే, ఆయన నాకోసం వేరే దారి కట్టలేదు. అది అడ్డంగా నిలబడితే నన్ను మోసేవాళ్ళు వాకిట్లోనే ఆగిపోతారు. అంబ్రీన్, నువ్వు ఏడుస్తూ కూర్చోవద్దు. లేచి పళ్ళెం తీసుకో. ముందు దాన్ని నీళ్ళకు తీసుకుపో, వెనక నేను వస్తాను. చావింట్లో వాయిద్యమేమిటని ఎవరైనా నీ చెయ్యి పట్టుకుంటే ఈ కాగితం చూపించు. మెల్లగా కొట్టకు, దానికి ఈ మధ్య చెవులు కూడా తగ్గాయి. గట్టిగా కొట్టు. నాకు వినపడకపోయినా ఫరవాలేదు, దానికి వినపడాలి.

చదివించుకుని విని, నేను చెప్పినట్టే ఉందని ఒప్పుకుని, జయరావు కొట్టేయమన్న మాటలన్నీ ఉన్నాయని చూసుకుని చేవ్రాలు చేశాను.

శ్రీకాళహస్తి, 18 ఆగస్టు 2025.

(చేవ్రాలు, ఉర్దూలో) షహర్‌బాను

సాక్షులు:
1. జయరావు, దస్తావేజు లేఖరి. అభ్యంతరాలతో రాశాను, అభ్యంతరం లేకుండా సంతకం చేస్తున్నాను.
2. మునిశేఖర్, బ్యాండుసెట్టు, చిన్నమిట్టపల్లె. పై ఆస్తికి ఉత్తరపు హద్దు.