ఈసారి బుట్ట తిప్పి పంపకు

చిరంజీవి హసింతాకు మీ అమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం, మన టర్కీకోడి తప్ప. దాన్ని మన ఊళ్లో దిగిన సినిమావాళ్లు వండించుకు తినేశారు.

పెళ్లి పేరు చెప్పి ఆడపిల్లల్ని తీసుకెళ్లి అమ్మేసేవాళ్ల మీద నువ్వు పత్రికలో రాసిన కథనాలే ఈ సినిమా అయ్యాయని ఊరంతా చాటుతున్నాను. మీ నాన్న జనంలో నిలబడే వేషానికి జుట్టుకు రంగేసుకున్నాడు. తీరా తెరమీద ఆయన మోచెయ్యి ఒక్కటే కనబడుతుందట. "మోచేతికెందుకు అన్నయ్యా రంగు?" అని పక్కింటి తొమాసా ఏడిపిస్తోంది.

ఇక నువ్వడిగిన సంగతి. అవును, ఆ నటుణ్ణి కొట్టాను. చీపురుతో కాదు, గరిటెతో. దర్శకురాలు నీకు చీపురని చెప్పిందంటే ఆవిడ వంటింటి మొహం చూసి ఎన్నాళ్లయిందో!

సినిమాలో నాది పెళ్లికూతురి తల్లి వేషం. నీకు తెలిసిందే, పిల్లనడగడానికైనా, తప్పు ఒప్పుకోవడానికైనా మనకు రొట్టెల బుట్టే కదా. కుర్రాడు బుట్ట తెస్తాడు, నేను నవ్వుతూ అందుకోవాలి, పిల్లనిచ్చినట్టే. వాడు మన గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, మీ చేతి మోలే కూర తినే అదృష్టం నాకుందా?" అన్నాడు. గరిటె దానంతటదే లేచింది.

"అమ్మా, ఇక్కడ మీరు సంతోషపడాలి!" అని దర్శకురాలు అరిచింది.

"ఒకసారి పడ్డాను, చాల్లే తల్లీ!" అన్నాను.

అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. నీకవుతుంది. నిన్నడగడానికొచ్చిన ఎవోదియో అదే గుమ్మంలో అదే మాట అన్నాడు. నేను మురిసిపోయి, నిన్నొక్క మాటైనా అడక్కుండా బుట్ట అందుకున్నాను. నువ్వు ససేమిరా అన్నావు. అప్పటికే సగం రొట్టెలు మేం తినేస్తే, బజారులో కొని నింపి మరీ తిప్పి పంపావు. బంగారంలాంటి సంబంధం చెడగొట్టావని రెండేళ్లు నీతో మాట్లాడలేదు.

ఆడపిల్లల్ని అమ్మిన కేసులో వాణ్ణి పోలీసులు పట్టుకెళ్లినప్పుడు, "నాకు మొదట్నించీ అనుమానమే" అని తొమాసాతో కోతలు కోశాను. పచ్చి అబద్ధం. నీ కథనంలో ఒక తల్లి, "కుర్రాడు మంచివాడనుకున్నాం" అని ఏడుస్తుంది చూడు, ఆ మాట నేను అనవలసింది. నిన్ను కాపాడింది నీ మొండితనమే. నేనైతే చేతులారా అప్పగించేదాన్ని. ఇన్నాళ్లూ ఈ మాట చెప్పడానికి నోరు రాలేదు. సిగ్గుగా ఉంది, క్షమించు.

రేపు పొద్దుటి బస్సులో రొట్టెల బుట్ట పంపుతున్నాను. మీ నాన్న అప్పుడే రెండు తినేశాడు, ఏమీ అనకు. ఈసారి మాత్రం తిప్పి పంపకు తల్లీ.

ఇట్లు,
నీ గుమ్మం ముందు నిలబడ్డ
మీ అమ్మ యూఫ్రోసినా