ఆపరేషన్ లేదని ఎవురూ చెప్పలే

రాబర్ట్‌సన్‌పేట

చిరంజీవి శ్రీనివాసమూర్తికి అక్క నాగరత్న దీవెనలు. నీ జాబు అందింది. అందరూ బాగుండారా అని అడిగితివి. ఇప్పుడు బాగుండారు.

ఇంగోటి రాసినావే, "పొద్దున్నే అందరినీ నిలబెట్టి మీటింగు పెడతావంట, డాక్టర్లకు అంత తీరిక యాడుండాది అక్కా" అని. చదివినంక నాకు ఒళ్ళు మండింది. నువ్వూ డాక్టరువే కదప్పా, విను.

పోయిన నెల మా ఆసుపత్రి సర్జరీ వార్డులో ఒకామెకు పిత్తసంచిలో రాళ్ళకు ఆపరేషనని రాత్రి నుంచి పస్తు పెట్టినారు. సుగర్ మనిషి. అయినా పొద్దున సుగర్ తగ్గించే సూది వేసేసినారు. మత్తు డాక్టరు రాలేదని ఆపరేషన్ నిలిపేసినారు. అది థియేటరోళ్ళకు తెలుసు, సర్జన్‌కు తెలుసు. వార్డుకు మాత్రం ఎవురూ చెప్పలే. ఆమె గుక్కెడు గంజి అడిగితే నర్సు, "ఇంగ కొంచేపట్లో పిలుస్తారమ్మా" అనింది. మధ్యాహ్నానికి చెమటలు పట్టి, మంచం మీద నుంచి పడి, తెలివి తప్పింది. కాన్పుల వార్డులో నర్సు డ్యూటీలో ఉండిన నేను పరిగెత్తి పోయేసరికి గ్లూకోజ్ ఎక్కిస్తా ఉండారు.

"నర్సు అడగల్ల కదా" అన్నాడు సర్జన్. మీరు చెప్పల్ల కదా అనలేక ఆ పిల్ల ఏడ్చింది.

మరుసటి రోజు పొద్దున ఆ వార్డు వాకిట్లో నేను నిలబడితిని. "ఈ పొద్దు ఎవురికి ఆపరేషన్, ఎవురికి లేదు, ఎవురు పస్తుండారు? కాఫీ తాగేంత సేపే సార్, అందరి ముందర చెప్పి పొండి" అంటిని. సర్జన్ నవ్వి పోబోతే దోవకు అడ్డం నిలబడితిని.

"సిస్టర్, మీకు పొగరెక్కింది."

"ఎక్కింది సార్. చెప్పి పొండి."

చెప్పినాడు. ఆ పొద్దు ఇద్దరికి ఆపరేషన్ లేదని తెలిసి, అప్పుడే ఇడ్లీ పెట్టిస్తిమి. ఇప్పుడు రోజూ పొద్దున ఆయన పిలవకనే వస్తాడు, మొగం గంటు పెట్టుకోని. పెట్టుకోనీ.

నీకు దాచిన మాట ఒకటుండాది. ఆ పడిపోయినామె మన అమ్మ. నీకు పీజీ పరీక్షలుండాయని, చెప్పొద్దని నాతో చేతిలో చెయ్యి వేయించుకునింది. తర్వాత ఆపరేషన్ అయింది. ఇప్పుడు రాగి ముద్ద తింటా ఉండాది. నుదుటి మీద కుట్ల మచ్చ ఉండాది. "ఆ నర్సును తిట్టొద్దు, దానికేం తెలుసు" అంటుంది.

అమ్మ అంత మంచిది. నేను కాదు. నీ జాబు ఆమెకు చదివి వినిపిస్తా వినిపిస్తా, "తీరిక యాడుండాది" అనిన కాడ నిలిపేస్తిని. పరీక్షలైనంక వచ్చి, ఆమె మంచం పక్కన కూర్చోని, ఆ మాట నువ్వే చెప్పు.

ఇట్లు,
ఇంకా కోపం తగ్గని నీ అక్క,
నాగరత్న