వాసన రాని మందు

వనపర్తి, 2004. మంగళవారం రాత్రి.

అమ్మకానికి పెంచే స్పిరులినా పాచి తొట్టెలో ఆ పాచిని తినే పురుగులు మళ్లీ కనబడ్డాయి. ఒక్క చెంచా బ్లీచింగ్ పొడి వెయ్యమని తొట్టె చూసుకునే ఖాజాకు చెప్పి తెలకపల్లి వెళ్లాను. తిరిగొచ్చేసరికి డబ్బా ఖాళీ.

"బాయిల ఏసినట్లే ఏసిన అక్కా. వాసన రాకపాయె, ఇంక జర ఏసిన," అన్నాడు.

బావిలో అయితే వాసన వచ్చేదాకా వేస్తారు, నిజమే. కానీ పాచి బతికున్నంతసేపు ఆ మందును తానే తాగేస్తుంది, వాసన పైకి రానివ్వదు.

పురుగులు చచ్చాయి. పొద్దుగూకే వరకు నీళ్లు పచ్చగానే ఉన్నాయి. విత్తనానికని ఉంచుకున్న పాచి కూడా అందులోనే ఉంది, వేరే తొట్టె లేదు. వెళ్లి చూద్దామని లాంతరు వెలిగించాను గానీ గడప దాటలేదు.

ఇప్పుడే కిటికీలోంచి బ్లీచింగ్ వాసన వచ్చింది.