కొరివి భావనదే

జర్మనీలోని వాల్డార్ఫ్ కాపురస్తురాలిని, కీర్తిశేషులు కొప్పిశెట్టి రవీంద్రనాథ్ గారి భార్యను, పందొమ్మిదో శతాబ్దపు యూరప్ చరిత్రలో ఎం.ఏ. చేసి, ఆ యూరప్‌కే వచ్చి పాతికేళ్లు కీటాలో, అంటే శిశువిహారంలో, పిల్లల ముక్కులు తుడిచిన కొప్పిశెట్టి ఆదిలక్ష్మి అనే నేను, స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు కాగితం ఇచ్చాడు. రాజమండ్రిలో ఉన్న మా మరిది కోటయ్య ఒప్పుకోడు. ఆయన బుద్ధి నిలకడగా ఉందని ఏ డాక్టరు చెప్పాడో నేనింతవరకు అడగలేదు.

1. ఇది నా రెండో వీలునామా. మొదటిది రద్దు. దాన్ని మా తెలుగు సంఘం అధ్యక్షులు గోవిందరాజులు గారు లాప్‌టాప్‌లో టైపు చేసి, రంగుల్లో ప్రింటు తీసి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించి, పైన సంఘం ముద్ర కూడా కొట్టి ఇచ్చారు. "ఫార్మాట్ పర్‌ఫెక్ట్ మేడమ్, ఇక మీరు హ్యాపీగా ఉండొచ్చు" అన్నారు. హ్యాపీగా చావొచ్చు అనడానికి మొహమాటపడ్డట్టున్నారు. ఇక్కడి లాయరమ్మ చూసి నవ్వింది. నోటరీ దగ్గర రాయించుకోకపోతే ఈ దేశంలో వీలునామా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా సొంత చేత్తోనే రాయాలట. మనకు సాక్షులు ముఖ్యం, వీళ్లకు చేతిరాత ముఖ్యం. ఈ చట్టాన్ని 1896లో చేశారు. సంసారంలో భర్త మాటే చివరి మాట అని కూడా అందులోనే రాసుకున్నారు. ఆ ముక్క కొట్టెయ్యడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. చేతిరాత ముక్క మాత్రం ఉంచారు. సంతోషం, నా దస్తూరి బాగుంటుంది.

2. నా ఫ్లాటు, బ్యాంకులో ఉన్నది, ఒంటి మీద ఉన్నది, అన్నీ నా ఏకైక కూతురు భావనకు. ఇందులో ఎవరికీ తగువు లేదని నాకు తెలుసు. తగువంతా ఆస్తి గురించి కాదు. అది ఆరో అంశంలో వస్తుంది. కోటయ్య నేరుగా అక్కడికే వెళ్లి చదువుతాడని తెలుసు గనుక, మిగతా వాళ్లు నిదానంగా రండి.

3. ఇడ్లీ కుక్కరు, పెద్ద గుండిగ, గ్రైండరు మన తెలుగు సంఘానికి. 1850లో ఈ దేశపు ప్రష్యా రాజ్యంలో ఒక చట్టం తెచ్చారు: ఆడవాళ్లు, విద్యార్థులు, పని నేర్చుకునే కుర్రాళ్లు రాజకీయ సంఘాల్లో చేరకూడదని. యాభై ఏళ్లకు పైగా అది నడిచింది. మన సంఘం అంత అన్యాయం ఎన్నడూ చెయ్యలేదు. ఉగాదికి అందరికంటే ముందు ఆడవాళ్లనే పిలుస్తుంది, తెల్లారకముందే, వంటగదిలోకి. మగవాళ్లు తరవాత వచ్చి మహిళా సాధికారత మీద మాట్లాడతారు.

4. నా ఎం.ఏ. నోట్సు కోటయ్యకు. "చరిత్ర కూడు పెడతాదా వదినగారూ? కంప్యూటర్ నేర్చుకోండి" అని ఆయన నాకు పెళ్లయిన కొత్తలోనే సలహా ఇచ్చాడు. ఆ నోట్సులో రాజులున్నారు, మతగురువులున్నారు, భూస్వాములున్నారు. "ఇది అనాదిగా వస్తున్నదే" అని ప్రతివాడూ అన్నాడు. ఆ అనాది ఎప్పుడు మొదలైందో చూస్తే చాలాసార్లు వాళ్ల తాత కాలమే. కోటయ్య తీరుబడిగా చదువుకోవచ్చు. అర్థం కానిచోట నన్ను అడగడానికి వీలుండదు, చింతిస్తున్నాను.

మావారి చేతి గడియారం కూడా ఆయనకే. ఇది వెటకారం కాదు. అన్నయ్య పోయాడని ఫోన్లో చెప్పినప్పుడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

5. ఉప్పాడ చీర, ఆకుపచ్చది, ఉర్సులాకు. కీటాలో నాకు పైఅధికారి, ఇప్పుడు రిటైరైంది. నా ఎం.ఏ. చూసి నవ్వని మొదటి మనిషి ఈ దేశంలో ఆవిడే. పిల్లలకు ఆటపాటలతో బడి పెడితే దేవుడి మీద భక్తి పోతుందని 1851లో ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్‌లను నిషేధించిందని చెబితే, ఆవిడ మూడు రోజులు తలుచుకుని నవ్వింది. చీర కట్టుకోవడం ఆవిడకు రాదు. కర్టెను చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆవిడదే, ఎందుకంటే ఆవిడ తెలుగువాళ్ల మొహమాటాలకు లొంగదు.

6. ఇక కోటయ్య ఎదురుచూస్తున్న అంశం.

మావారు పోయినప్పుడు దహనశాలలో మాకు టెర్మిన్ ఇచ్చారు, మా వంతు సమయం అరగంట. పెట్టె లోపలికి వెళ్లడానికి దగ్గరివాళ్లెవరైనా మీట నొక్కవచ్చన్నారు. భావన ముందుకొచ్చి చెయ్యి చాపింది. వీడియోలో రాజమండ్రి నుంచి పంతులు గారు, పక్కన కోటయ్య. "ఆడపిల్ల చేత కొరివి పెట్టిత్తే అన్నయ్యకి దారి దొరకదండి వదినగారూ, మా కౌశల్‌ని రమ్మన్నాను కదండీ" అన్నాడు. కౌశల్ ఆయన కొడుకు, క్లాస్తాల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడెక్కిన రైలు ఎక్కడో ఆగింది. రైళ్లు సరిగ్గా నడవాలని 1893లో ఈ దేశమంతటికీ ఒకే టైము పెట్టారు. ఆ టైము ఇంకా ఉంది, దానికి రైళ్లే రావడం లేదు. భావనే చేస్తుందని నేనన్నాను. కాదని ఆయన. అవునని నేను. అరగంట ఫోన్లోనే కరిగిపోయింది. బయట ఇంకో కుటుంబం నిలబడి ఉంది. ఆఖరి నిమిషంలో కౌశల్ చెమటలు కక్కుతూ వచ్చాడు, వాడి చెయ్యి పట్టుకుని ఎవరో మీట మీద పెట్టారు. "వరూమ్ నిష్ట్ ఇష్, మమ్మా?" అని భావన అడిగింది. నేనెందుకు కాదు అని. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ దుఃఖంగా ఉంది.

ఇంతకూ కోటయ్య కాపాడిన సంప్రదాయం ఏ కొలిమిలో జరిగింది? ఈ నేల మీద శవాన్ని కాల్చడం ఒకప్పుడు మహాపాపం. పందొమ్మిదో శతాబ్దంలో కొందరు డాక్టర్లు, ప్రజాస్వామ్యవాదులు, దేవుణ్ణి లెక్కచెయ్యనివాళ్లు చర్చీలతో ఏళ్ల తరబడి దెబ్బలాడి, 1878లో గోథాలో మొదటి దహనశాల కట్టించుకున్నారు. వాళ్లను పిచ్చివాళ్లన్నారు, నరకానికి పోతారన్నారు. ఆ నాస్తికుల పుణ్యమా అని మా ఆయనకు వైదిక సంస్కారం జరిగింది. వాళ్లకు కోటయ్య ఒక తద్దినం బాకీ.

7. కాబట్టి నా మీట నా కూతురు భావన నొక్కాలి. మరొకరు నొక్కరాదు. ఆ రోజు ఫోన్లన్నీ ఆపెయ్యాలి. భావనా, ఎవరైనా సాయం పడతామని వస్తే దూరంగా నిలబడమను.

8. నా బూడిద గోదావరికి పంపరాదు. మావారిది పంపారు, ఆయనకు అదే ఇష్టం, కాదనను. కానీ భావనది జర్మన్ పాస్‌పోర్టు. తండ్రి దగ్గరికి వెళ్లి కాసేపు కూర్చోవాలంటే దానికి వీసా కావాలి. నన్ను ఈ ఊరి శ్మశానంలోనే పెట్టండి. ఇక్కడ సమాధి కూడా అద్దెకే ఇస్తారు, చచ్చినా మీటె, అదే ఇంటద్దె, తప్పదన్నమాట. అయినా సరే. నా దగ్గరికి అది బస్సులో రావచ్చు.

9. ఇంకో సంగతి కూడా లాయరమ్మే చెప్పింది. ఇక్కడ వీలునామాను కోర్టు తెరిచేసరికి వారాలు గడుస్తాయట. ఈలోగా నన్ను ఎవరికి తోచినట్టు వాళ్లు తగలబెట్టేస్తారు. గోవిందరాజులు గారి పర్‌ఫెక్ట్ ఫార్మాట్‌కు ఈ ఆలోచన రాలేదు. అందుకని అంత్యక్రియల నిర్ణయాలన్నీ భావనవేనని విడిగా కాగితం రాసి, సంతకం చేసి, అంత్యక్రియల కంపెనీ వాళ్లకు ఇచ్చేశాను. ఈ వీలునామా నకలు మీ అందరికీ ఈ రోజే పంపుతున్నాను. అభ్యంతరాలుంటే నేను బతికుండగానే ఫోన్ చెయ్యండి. తీస్తాను, తిడతాను.

సాక్షులు ఇక్కడి చట్టానికి అక్కర్లేదు. కోటయ్యకు కావాలి గనుక కింద ఇద్దరి చేత రాయించాను.

వాల్డార్ఫ్, 18 మార్చి 2025

(సంతకం) కొప్పిశెట్టి ఆదిలక్ష్మి

సాక్షులు:

ఉర్సులా. తెలుగు చదవలేను. ఆదిలక్ష్మి నా ఎదురుగా కూర్చుని రాసింది, మధ్యలో రెండుసార్లు ఏడ్చింది. (ఆవిడ జర్మన్‌లో చెప్పింది, కౌశల్ తెలుగులో రాశాడు.)

కొప్పిశెట్టి కౌశల్. పెద్దమ్మ రాసిందంతా చదివాను. మీట అక్కే నొక్కుతుంది, నేను ఆమె వెనకాల నిలబడతాను. నాన్నకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను.