పడక్కుర్చీ చెయ్యి

చిన్నోడా, నేను తిరిగొచ్చేసరికి నీ చేతికి వేళ్ళన్నీ ఉంటాయో ఉండవో అని భయంగా ఉందిరా. పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను, సాయంత్రానికి వస్తాను. అన్నం పొయ్యి మీద ఉంది. తినకుండా రంపం పట్టకు, కళ్ళు తిరుగుతాయి. మేకులు నోట్లో పెట్టుకోకు, తుమ్మొస్తే మింగేస్తావు.

గిన్నెల స్టాండుకి ఇంక ఒక్క అర బిగిస్తే అయిపోతుంది. ఆ ఒక్కటీ చూసుకో. మధ్యలో ఫోను తీసి ఎవరెవరో చేసిన స్టాండ్లు చూడకు. అవి చూసినప్పుడల్లా నీ స్టాండు మీద నీకే మనసు విరిగి, వారమేసి రోజులు దాని మొహం చూడవు. ఛార్జరు నా సంచిలో వేసుకెళ్తున్నాను, వెతక్కు.

చెక్కని మాత్రం నాన్న పడక్కుర్చీ మీద ఆనించి కొయ్యకు. పోయినసారి చెక్కతోపాటు కుర్చీ చెయ్యి కూడా కోసేశావు. అప్పట్నుంచీ ఆయన నీతో మాట్లాడడం లేదు. మీ ఇద్దరి మధ్యా మాటలు మోయలేక నా నోరు నొప్పెడుతోంది. ఇవాళ మొయ్యడానికి నేనూ ఉండను. నువ్వే ముందు పలకరించు. చెక్క పట్టుకోమని అడుగు, కాదనరు.

అమ్మ

స్టాండు వంకరగా వచ్చినా పరవాలేదురా. తేలిక గిన్నెలే పెట్టుకుంటాను.

ఇది రాస్తున్నది నేను, వాడి నాన్నని. వాడు అడిగాడు, పట్టుకున్నాను. స్టాండు నిలబడింది. ఆ చేత్తోనే కుర్చీకి రెండో చెయ్యి కూడా కోసెయ్యరా అన్నాను. ఇప్పుడు రెండు పక్కలా సమానంగా ఉంది. ఇద్దరి వేళ్ళూ ఉన్నాయి. నువ్వు రాగానే ముందు సంచిలోంచి ఛార్జరు తియ్యి.