మీ తమ్ముడి గుడిసెకు వెళ్లివచ్చాను

చెంగమ్మా,

ఎలా ఉన్నావని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు. నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లూ నీ ఫొటో ముందు నిలబడినప్పుడల్లా ఒక విషయం చెప్పబోయి ఆగిపోయేవాణ్ణి. మొన్న ఆదివారం అది మీ తమ్ముడు మునెయ్యకు చెప్పేశాను. ఇప్పుడు నీకు చెప్పాలి.

మీ ఊరికి వెళ్లాను. అవును, నేనే... పెళ్లయిన ముప్ఫై ఒక్క ఏళ్లకు.

తడ బస్టాండు పక్కన నువ్వు మిషను కుట్టే రోజుల్లో నిన్ను ఇష్టపడి కాణిపాకంలో తాళి కట్టాను. అంత ధైర్యం చేసినవాణ్ణి, చిత్తూరులో మావాళ్లకు మాత్రం మీ నాయన సూళ్లూరుపేటలో రైతు అని చెప్పాను. పులికాట్ సరస్సులో చేపలు పట్టుకుని బతికే ఇల్లని, రెల్లు కప్పిన గుడిసెలో పుట్టావని ఎవరికీ తెలియనివ్వలేదు. నిన్ను పుట్టింటికి పంపేటప్పుడు తడ దాకా వచ్చి, అక్కడ ఆటో ఎక్కించి వెనక్కి తిరిగేవాణ్ణి.

"ఒక్కసారి వచ్చి సూడండి. మా నీళ్లు మోకాటి లోతే, మీరేం మునిగిపోరు" అని నవ్వేదానివి. ఎలా నవ్వగలిగావు?

నువ్వు పోయిన రోజు సంగతి... తెల్లవారగానే తిరుపతి ఆస్పత్రిలో కన్నుమూశావు. పదింటికల్లా చిత్తూరులో మనింటికి తెచ్చాం. "మునెయ్యకి చెప్పినావా?" అని మా అన్న అడిగాడు. "ఫోను కలవడంలేదన్నా" అన్నాను.

అబద్ధం, చెంగమ్మా. నేను ఫోను చేయనే లేదు.

వాకిట్లో మా ఆఫీసువాళ్లు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు మీవాళ్లు వ్యాను దిగి, గుండెలు బాదుకుని ఏడిస్తే, ఎవరు వీళ్లని అడుగుతారేమో అని భయపడ్డాను. నువ్వు నా ఎదురుగా పడుకుని ఉండగానే నాకు ఆ ఆలోచన వచ్చింది. మూడింటికి అంతా అయిపోయింది. సాయంత్రం ఆరింటికి మునెయ్యకు ఫోను చేసి, పొద్దున్నుంచి కలవలేదంటూ నువ్వు పోయావని మాత్రమే చెప్పాను.

మర్నాడు మునెయ్య, అతని భార్య రమణమ్మ వచ్చారు. నీకు కప్పడానికి పుట్టింటి చీర తెచ్చారు. పసుపుపచ్చ చీర, ఎర్ర అంచు. రమణమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుని, మళ్లీ కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది. ఇద్దరిలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత నాకు అన్నం సరిగ్గా పోలేదు. అందుకే వెళ్లాను.

సరస్సులో నీళ్లు తగ్గి ఉన్నాయి. ఒడ్డంతా బురద ఎండి ఉప్పు తేలింది. కొందరికి పక్కా ఇళ్లు వచ్చాయి. మునెయ్యది ఇంకా రెల్లుగుడిసే. నేను వెళ్లేసరికి పాత కప్పు పీకేసి, కొత్త రెల్లు వేస్తూ పైన ఉన్నాడు. సామానంతా బయట నులకమంచం మీద పెట్టారు. గిన్నెలు, వలలు, రమణమ్మ బీపీ మాత్రలు... వాటి మధ్య అదే కవరు. అదే చీర.

కూర్చోమని రమణమ్మ కుర్చీ తెచ్చింది. కూర్చోలేకపోయాను. నిలబడే, పైకి చూస్తూ చెప్పాను. ఫోను కలవకపోవడం అబద్ధమని, మీరు రాకూడదనే చెప్పలేదని.

మునెయ్య చేతిలో తాడు ఆగింది. నా వైపు చూడకుండానే అన్నాడు.

"తెలుసు బావా. ముందురోజు అక్కే ఫోను సేసింది, ఆస్పత్రిలో ఉండానని. మర్నాడు పొద్దంతా ఫోను సేతిలోనే పెట్టుకోని కూర్చున్నా. అది మోగలేదు."

రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఏడ్చే అర్హత ఉంటే వచ్చేదేమో.

నువ్వు ఫోను చేశావని నాకెందుకు చెప్పలేదు? నేను చెప్పనని నీకు ముందే తెలుసా?

మునెయ్య చేతిలో తాడు బిగించి, "ఆ కట్ట అందియ్ బావా" అన్నాడు. అందించాను. మధ్యాహ్నం దాకా రెల్లుకట్టలు అందిస్తూనే ఉన్నాను. అరచేతులు కోసుకుపోయాయి. రమణమ్మ రొయ్యల కూర, అన్నం పెట్టింది. మీ ఇంట్లో నా మొదటి భోజనం. నువ్వు వడ్డించాల్సింది...

వచ్చేముందు మునెయ్య ఆ కవరు చేతిలోకి తీసుకుని, "దీన్ని ఇంగ ఏం సేసేది బావా?" అని అడిగాడు. తల వంచుకుని బస్సెక్కాను.

ఇంటికి రాగానే మా అన్నకు ఫోను చేసి అంతా చెప్పాను. మీ నాయన రైతు కాడని కూడా. "ఇప్పుడెందుకు రా ఇదంతా?" అన్నాడు. వీధిలోవాళ్లు అడిగితే కూడా దాచలేదు. కానీ నువ్వు బతికుండగా చెప్పాల్సిన మాటలు ఇప్పుడు చెప్పి ఎవరికి లాభం?

నన్ను క్షమించమని అడగను. మునెయ్యను కూడా అడగలేదు. నీ సంవత్సరీకానికి అందరికంటే ముందు రమ్మన్నాను. "అప్పటికి సూద్దాంలే" అన్నాడు. అతను రాకపోతే, ఆ రోజు నేనే అక్కడికి వెళ్తాను. ఏటా వాళ్లు కప్పు మార్చేటప్పుడు వెళ్తాను. పిలవకపోయినా వెళ్తాను. పైకి అందించడానికి కింద ఒక మనిషి కావాలి కదా.

నీ
వరదయ్య