వెలుగుతున్న దీపానికి తోడు

తరావాలోని సముద్ర దీపాల శాఖ ఆఫీసరు గారికి, తెనాబూ ఊరి నుంచి నెయ్ తెబురేయా మౌరి చెప్పి రాసుకునేది.

మీరు, మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉన్నారని తలుస్తాను. మీ ఊళ్ళో ఆఫీసుల ముందు పగలు కూడా దీపాలు వెలుగుతాయని ఓడ దిగినవాళ్ళు చెప్పారు. చాలా సంతోషం. మా ఊరికి మీ శాఖ ఇచ్చిన దీపం ఒక్కటే. పగడపు దిబ్బల మధ్య పడవలు లోపలికొచ్చే మొగ ఉంది కదా, దాని పక్కన ఇనప స్తంభం మీద ఉంటుంది. అది ఆరిపోయి మూడేళ్ళయింది.

నిరుడు పొద్దుగూకే వేళ, వాన ముసురులో, నా కొడుకు తొకాతా చేపలతో తిరిగొస్తూ మొగ ఎక్కడుందో కనపడక దిబ్బ మీదికి పోయాడు. ఇరవై నాలుగేళ్ళు వాడికి. పడవ దొరికింది. వాడూ దొరికాడు. అంతకన్నా రాయలేను.

నేను కొట్లాటకి రాయడం లేదండీ. నాలుగు నెలల్లో ఎగిరే చేపల కాలం వస్తుంది. నా కూతురు అకినేతి అన్న పడవ బాగు చేసుకుని తనే వేటకి పోతానంటోంది. వద్దే అంటే, "చేపలు నీ మాట విని ఒడ్డుకి నడిచొస్తాయా అమ్మా?" అంటోంది. అది మొదటిసారి వెళ్ళేలోపు ఆ దీపం వెలగాలి. నాకింకేం వద్దు.

ఇట్లు,
తొకాతా వాళ్ళమ్మ, అకినేతి వాళ్ళమ్మ,
నెయ్ తెబురేయా

తా.క. ఆ స్తంభం మీద ఒక సముద్రపు పిట్ట గూడు పెట్టింది. దాన్ని లేపకండి. మూడేళ్ళుగా ఆ స్తంభం దగ్గర డ్యూటీ చేస్తున్నది అదొక్కటే.

*

నెయ్ తెబురేయా గారికి,

మీ ఉత్తరం అందినది. మీ కుమారుని మరణమునకు శాఖ తన విచారమును రెండు ప్రతులలో నమోదు చేసినది.

దీపం విషయం: మా రికార్డు ప్రకారం తెనాబూ దీపం వెలుగుతున్నది. గత మూడు సంవత్సరాల తనిఖీ నివేదికల్లోనూ "తృప్తికరం" అని ఉన్నది. నకళ్ళు జత చేస్తున్నాను. వెలుగుతున్న దీపాన్ని వెలిగించుటకు నిబంధనలు ఒప్పుకోవు.

అయినను, ఫిర్యాదు చేయదలచిన పడవలవారి కొరకు తొమ్మిదో నంబరు ఫారం పంపుతున్నాను. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫారం చెల్లదు.

ఇట్లు విధేయుడు,
ఇయోతెబా బారైతి,
తనిఖీ అధికారి

తా.క. పిట్టల విషయం మా శాఖ చూడదు. అయితే సదరు పిట్ట స్తంభం మీద కూర్చొనుటకు ముందుగా అనుమతి తీసుకొని ఉండవలసినది.

*

ఇయోతెబా గారికి, తెనాబూ నుంచి తెబురేయా మౌరి.

మీ ఫారం అందింది. నేను చదివింది మూడో తరగతి. అకినేతి చదివి చెప్తుంటే నేను రాశాను. నాకు పడవ లేదు. గడి ఖాళీ వదలొద్దన్నారు కాబట్టి ఉన్నదే రాశాను. తప్పుంటే క్షమించండి.

పడవ పేరు: తెబురేయా.

పొడుగు: ఐదడుగుల మీద కొంచెం. అకినేతి కొబ్బరితాడుతో కొలిచింది.

వెడల్పు: ఇది అడగాల్సిన ప్రశ్న కాదు. తాడు చాలలేదు.

దేనితో చేశారు: చేపలు, చేమదుంపలు, కొబ్బరి.

ఎవరు చేశారు: మా అమ్మా నాన్నా. ఇద్దరూ లేరు. వాళ్ళని ఫారాలు అడక్కండి.

ఎంతమందిని మోయగలదు: ఇద్దరిని మోశాను. ఒక్కొక్కళ్ళని తొమ్మిది నెలలు.

ఎక్కడైనా కారుతుందా: కొడుకు పోయిన దగ్గర్నుంచి కళ్ళ దగ్గర.

కిందటిసారి ఎప్పుడు గీకి రంగు వేశారు: అకినేతి ఈ ప్రశ్న చదివి నవ్వి నవ్వి చాప మీద పడిపోయింది. ఏడాది తర్వాత మా ఇంట్లో నవ్వు వినపడింది. అందుకు మీకు నా నమస్కారం.

ఇక దీపం పంపండి.

ఇట్లు,
తెబురేయా

తా.క. పిట్టని అడిగాను. అనుమతి కాయితం పిల్లలు పెద్దయ్యాక చూపిస్తానంది.

*

పడవ "తెబురేయా" యజమాని గారికి,

శుభవార్త. మీ పడవను 417వ నంబరుతో చేర్చుకున్నాము.

అయితే పై అధికారులు మీ ఫారం చూసి ఆందోళన చెందినారు. పడవ పాతది. ఏళ్ళ తరబడి గీకడం గానీ రంగు వేయడం గానీ జరగలేదు. పైగా కారుతున్నది. ("కళ్ళు" అనునది మా పడవ భాగాల పట్టికలో లేదు. ముందు భాగమని భావించినాము.) కాబట్టి మరమ్మతు పూర్తయ్యే వరకు "తెబురేయా" నీళ్ళలోకి దిగరాదని ఉత్తర్వు.

దీపం గురించి: వెలుగుతున్నది.

ఇట్లు విధేయుడు,
ఇయోతెబా బారైతి

తా.క. 417 అంకె పడవకి రెండు పక్కలా, అడుగు ఎత్తున, దూరానికి కనపడేలా రాయించవలెను.

*

ఇయోతెబా గారికి మౌరి.

మీ ఉత్తరం మా ఊరి సభాశాల మనేబాలో పెద్దలందరి ముందూ చదివించాను. ముసలాళ్ళు ఒక పూటంతా చర్చించారు. ఒకాయన, "గవర్నమెంటు ఆమెని పడవంటే పడవే, మనమెవరం కాదనడానికి?" అన్నాడు. ఇంకొకాయన, "మరి ఆమెని గుడికి నడిపించాలా, తెడ్డేసి తీసుకెళ్ళాలా?" అన్నాడు. ఆదివారం గుళ్ళో పాస్టరు గారు కూడా పాట మధ్యలో ఆగిపోయారు. నేను కూర్చుంటుంటే వెనకనుంచి ఎవరో "లంగరు దించారు" అన్నారు మరి.

నీళ్ళలోకి దిగొద్దన్నారు. నేను రోజూ ఆటుపోటు చూసుకుని మోకాల్లోతు నీళ్ళలో గుల్లలు ఏరుకుంటాను. మీ ఉత్తర్వు ప్రకారం ఇప్పుడు నేను దొంగ ఓడని.

నవ్వులాట అయింది. ఇప్పుడు నా మాట వినండి. పోయిన ఓట్లప్పుడు మంత్రి గారొకరు వచ్చి "మీ చీకటిని నేను తరిమేస్తాను" అన్నారు. పగలు పదకొండింటికి వచ్చి పన్నెండున్నరకి వెళ్ళిపోయారు. చీకటి ఎలా ఉంటుందో ఆయన చూడనే లేదు. అంతకు ముందాయన టార్చిలైట్లు పంచాడు. బ్యాటరీలు గెలిచాక ఇస్తానన్నాడు. గెలిచాడు. ఇప్పుడు మీ కాయితం దీపం వెలుగుతోందంటోంది. మా ఊరి చీకటిని కళ్ళారా చూసినవాడు మీలో ఒక్కడూ లేడు.

చేపల కాలానికి ఇంక ఆరు వారాలే. అకినేతి తెరచాప కుట్టుకుంటోంది. మీరే ఒకసారి రండి. నన్ను తనిఖీ చేసుకోండి, గీకి చూసుకోండి, నాకభ్యంతరం లేదు. మనేబాలో మీకు కొత్త చాప పరుస్తాను.

ఇట్లు,
417

తా.క. అంకె అకినేతి నా చొక్కా వెనక రాసింది. రెండో పక్క రాయనివ్వలేదు. అక్కడ నేను చంటిపిల్లల్ని ఎత్తుకుంటాను.

*

నెయ్ తెబురేయా గారికి,

మీరు మనిషి అన్న సంగతి మీ ఉత్తరం వలన శాఖకు తెలిసినది. చింతిస్తున్నాము. అయితే ఒకసారి చేర్చుకున్న పడవను తీసేయాలంటే అది మునిగిపోయినట్టు రుజువు కావాలి. అందుచేత ప్రస్తుతానికి అలాగే కొనసాగగలరు.

తనిఖీకి నేనే శాఖ పడవలో వచ్చే గురువారం బయలుదేరుతున్నాను. ఒక మనవి. దీవుల్లో అందరి ముందూ "బుబుతి" అని నోరు తెరిచి ఏదడిగినా కాదనలేని మన ఆచారం మీకూ నాకూ తెలిసినదే. కిందటిసారి మా ఉద్యోగి ఒకడు దక్షిణ దీవికి వెళ్ళి గొడుగు, గడియారం, బెల్టు ఇచ్చేసి, ప్యాంటు చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడు. అందువల్ల శాఖ ఆస్తిని బుబుతి అడగరాదని సర్క్యులర్ వచ్చినది. పడవ, పడవ దీపం, తాళ్ళు, తాళాలు, అన్నీ శాఖవే.

ఇట్లు విధేయుడు,
ఇయోతెబా బారైతి

తా.క. చెప్పులు నావే గానీ, దయచేసి అవి కూడా అడగొద్దు. తరావాలో రోడ్డు బాగా కాలుతుంది.

*

అమ్మా,

ఇలా మొదలుపెట్టి ఉత్తరం రాసి నాకు ఇరవై ఏళ్ళయింది.

ఇంటికి రాగానే నా భార్య ముందు కాళ్ళవైపు చూసింది. "చెప్పులున్నాయే! మరేం ఇచ్చొచ్చావు?" అంది. "నన్నే ఇచ్చేశాను" అన్నాను. జరిగిందంతా చెప్పాను. అంతమంది పెద్దల మధ్య నిలబడి నేను సర్క్యులర్ చదవడం, అయ్యేదాకా నువ్వు ఓపిగ్గా వినడం, తర్వాత, "శాఖది నాకు వెంట్రుకంత వద్దు. ఈ పిల్లాడు శాఖవాడా, వాళ్ళమ్మ కొడుకా?" అనడం. అమ్మ చిన్నప్పుడే పోయిందన్నాను. "అయితే బుబుతి. నాకిచ్చెయ్" అన్నావు. సర్క్యులర్ అటూ ఇటూ తిప్పి చూశాను. నా గురించి అందులో ఏమీ లేదు. నా భార్య అంతా విని, "పడవ కొడుకువన్నమాట. అందుకేనా ఇంట్లో ఎప్పుడూ ఊగుతూ కూర్చుంటావు!" అంది. వచ్చే సెలవుల్లో తనూ వస్తానంటోంది.

మన మొగ దీపం ఆరిపోయిందని నివేదిక రాసి డైరెక్టరు గారి ముందు పెట్టాను. "దీపం ఇస్తే మూడేళ్ళుగా వెలగలేదని ఒప్పుకున్నట్టే కదయ్యా" అన్నారు. "పోనీ, మీరే ఒకసారి తెనాబూ వెళ్ళి చూసి రండి సార్. మా అమ్మ చాప పరుస్తుంది. ఆమెకి పిల్లల్లేని స్నేహితురాళ్ళు నలుగురున్నారు" అన్నాను. ఆయన వెంటనే కలం మూత తీశారు. ఆయన ఫైలు మీద రాసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "తెనాబూలో బ్రహ్మాండంగా వెలుగుతున్న దీపానికి తోడుగా మరొకటి వెంటనే పంపవలెను. అధికారులెవరూ వెంట వెళ్ళనక్కరలేదు."

ఈ ఓడలోనే పంపిస్తున్నాను. ఇద్దరు మెకానిక్కులు వస్తారు. వాళ్ళని మాత్రం ఎవరూ అడగకండమ్మా, వెనక్కి పంపండి. ఈ శాఖలో పని తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే.

ఇంకొకటి చెప్పాలి. అక్కడ నీ చేతి చేమదుంప నోట్లో పెట్టుకుని చెప్పలేకపోయాను. మూడేళ్ళూ "తృప్తికరం" అని రాసింది నేనే. ఒక్కసారీ రాలేదు. ఇక్కడ బల్ల దగ్గర కూర్చుని రాశాను. పోయినేడు రాసినరోజు ఎండ బాగా కాస్తోంది, తొందరగా ఇంటికెళ్ళాలనుకున్నాను. నేను వచ్చి చూసుంటే తొకాతా ఉండేవాడు. ఇది తెలిశాక నన్ను వెనక్కిచ్చేయాలనుకుంటే, ఇచ్చెయ్. ఏమీ అనను.

ఇయోతెబా

తా.క. ఏం రాయాలో తోచడం లేదు.

*

నాయనా ఇయోతెబా,

నీ ఉత్తరం అందింది. దీపం అందింది. మెకానిక్కుల్లో ఒకడికి ఊళ్ళో పిల్ల నచ్చింది. మేమెవరం అడగలేదు, వాడే ఉంటానంటున్నాడు. శాఖతో నువ్వే మాట్లాడుకో.

నువ్వు చెప్పిన సంగతి నాకు ముందే తెలుసు. మొదటి ఉత్తరంతో నకళ్ళు పంపావు కదా. నీ ఉత్తరం కింద ఉన్న సంతకమే వాటి కిందా ఉంది. నాకు చదువు తక్కువ గానీ, సంతకం బొమ్మే కదా, పోల్చుకోవడానికి చదువెందుకు?

నిన్ను తనిఖీకి రమ్మన్నది మంచి మనసుతో కాదు. మనేబాలో కూర్చోబెట్టి, కడుపునిండా పెట్టి, అప్పుడు ఊరంతటి ముందూ ఆ మూడు కాయితాలూ తీసి, "ఇది నీ చెయ్యేనా?" అని అడుగుదామని. కాయితాలు నడుముకి చుట్టుకున్నాను కూడా. అడిగేసి ఉంటే నువ్వు ఈ దీవుల్లో ఎక్కడా తలెత్తుకునేవాడివి కాదు. నాకూ అదే కావాలి అప్పుడు.

కానీ నేను ఒడ్డున నిలబడి నీ పడవ రావడం చూస్తున్నాను కదా. మొగ దగ్గర నువ్వు పడవ ఆపించావు. ఆ స్తంభం వంక చూశావు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నావు. ఒడ్డుకొచ్చేదాకా మళ్ళీ పెట్టుకోలేదు, అంత ఎండలోనూ. సరే, వీడికి తెలిసింది అనుకున్నాను. తెలిసినవాణ్ణి అందరి ముందూ ముంచితే నాకేం వస్తుంది? కోపం కట్టుకుని లేచాను, నోరు తెరిస్తే వేరేది వచ్చింది. అడిగాక నాకే ఆశ్చర్యమేసింది. ఆ కాయితాలు పొయ్యిలో పెట్టి చేమదుంపలు ఉడకేశాను. నువ్వు తిన్నది ఆ దుంపలే.

కోపం మొత్తం పోయిందని అబద్ధం రాయను. ఒక్కోరోజు పొద్దున్నే వస్తుంది. అప్పుడు నిన్ను నాలుగు తిట్టుకుంటాను. కన్నబిడ్డల్ని తిట్టుకోనా ఏం? తొకాతా చాప అలాగే చుట్టి పెట్టాను, అది నీకివ్వను. నీకు వేరేది అల్లుతున్నాను.

నిన్న అకినేతి మొదటిసారి వేటకెళ్ళింది. ముసురు పట్టింది. పొద్దుగూకింది. నేను ఒడ్డున నిలబడ్డాను. నా పక్కన ఊరు ఊరంతా వచ్చి నిలబడింది. దీపం వెలిగింది. కాసేపటికి దాని వెలుగులోంచి తిన్నగా, దారం లాగినట్టు, పడవ లోపలికొచ్చింది. దిగుతూనే, "ఏం దీపమమ్మా, కళ్ళల్లో కొడుతోంది! కొంచెం పక్కకి తిప్పమని నీ కొడుక్కి రాయి" అంది. నీ కొడుక్కి, అంది. తిప్పొద్దు.

నీ మీద కోపంతో కాదు గానీ, నివేదిక మాత్రం ఇకనుంచి నేను చెప్పినట్టు రాయి. ఈ ఏడాదికి రాసుకో: తెనాబూ దీపం వెలుగుతోంది. చూసినవాళ్ళు: ఊరంతా.

అమ్మ

తా.క. మీ ఆవిడకి నా ముద్దులు. సెలవు దొరకగానే ఇద్దరూ రండి. ఓడ ఆలస్యమైతే కంగారుపడకు. చీకటి పడ్డాక వచ్చినా పరవాలేదు, రా.